ఉచితమెల్ల నుచితమగునా?

“ఉచితము” అను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. తగినది అనునది మొదటి యర్థము. వెల లేనిది అనునది వాడుకలో స్థిరపడిన యర్థము. ఒక్క వస్తువునందే ఈ రెండును కలిసి యున్నచో నంతకంటె భాగ్యము లేదు. కాని వెల లేనిదెల్ల తగినదే యనుకొనుట ప్రమాదము. ఇంటర్నెట్ ద్వారమున నేడు మన తరగతి గదులలోనికి వచ్చుచున్న ఉచిత బోధన సాధనముల విషయమున ఈ రెండర్థములను వేరుపరచి చూడవలసిన యవసరము కలిగినది.

మేము ఈ సాధనములకు విరోధులము కాము. కన్నులార చూచిన మేలును కాదనజాలము. గడచిన శ్రావణమాసమున మా పట్టణమునకు దూరముగా నున్న యొక ఉన్నత పాఠశాలకు పోయితిమి. అచట ప్రయోగశాల యనగా నొక బీరువా మాత్రమే. పదవతరగతికి విద్యుత్తు పాఠము చెప్పుచున్న మాష్టారు తమ సొంత ల్యాప్‌టాపును బల్లపై నుంచి, గోడపై బొమ్మ పడునట్లు చేసి, తెరమీదనే తీగలు కలిపి బల్బు వెలిగించుచుండిరి. తీగలను తప్పుగా కలిపినచో తెరపై మంట లేచును. చేయి మాత్రము కాలదు. ఇంతలో నొక బాలిక లేచి, “మాష్టారూ, మా యింటిలో మోటారు వేసినప్పుడు దీపము మందగించుట ఇందువలననేనా?” యని యడిగెను. ఆయన వెంటనే తెరపైని తీగల నిరోధమును పెంచి, మరియొక బల్బును జతచేసి, మొదటి బల్బు మసకబారుటను చూపిరి. తరగతి యంతయు ముందునకు వంగి చూచినది. ఆ ఊరికి ఇంటర్నెట్ సరిగా లేదు గదా, ఇది యెట్లు సాధ్యమయ్యెనని మేము అడుగగా, “అయ్యా, మా ఊరికి సిగ్నలు చుట్టపుచూపుగా వచ్చిపోవును. వచ్చిననాడే దీనిని దింపి దాచుకొంటిని” అని ఆయన నవ్విరి.

ఆ సాధనము పేరు ఫెట్. నోబెల్ బహుమానము పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున దీనిని ప్రారంభించెను. దీనికి వెల లేదు. దింపుకొనవచ్చును, పదిమందికి పంచవచ్చును, నెట్ లేకున్నను నడపవచ్చును. లోకమునందలి అనేక భాషలలోనికి స్వచ్ఛందసేవకులు దీనిని మార్చిరి. వానిలో తెలుగు నొకటి. ఇది రెండర్థములలోను ఉచితమే. ప్రశ్న బాలికది, సమాధానము గురువుది, సాధనము వారిరువురి నడుమ సేవకునివలె నిలిచినది. సాధన ముండవలసిన స్థాన మదియే.

అన్ని ఉచితసాధనములును ఇట్టివి కావు. మా వృత్తి న్యాయవాదము గనుక ఆ కంటితో చూడుట మాకు అలవాటు. ప్రతిఫలము లేని ఒడంబడిక, కొన్ని మినహాయింపులు తప్ప, చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. కోట్ల రూపాయలు వెచ్చించి సాధనమును నిర్మించి, పైసా పుచ్చుకొనక మన బడికి ఇచ్చు వ్యాపారసంస్థకు ప్రతిఫల మేది? కొన్నింట అది మన పిల్లల సమాచారము: పేరు, వయసు, ఏ ప్రశ్నయొద్ద ఎంతసేపు ఆగెను, ఏ తప్పు చేసెను అనునదంతయు. కొన్నింట అది అలవాటు: నేడు ఉచితముగా మరగిన చేయి రేపు డబ్బిచ్చియైనను విడువదు. మరికొన్నింట అది ఉపాధ్యాయుని శ్రమ: ఆయన రాత్రులు కూర్చుండి కూర్చిన పాఠములన్నియు పరుల కొట్టులో చేరును, ఆ కొట్టు తాళపుచెవి ఆయనయొద్ద నుండదు.

తాళపుచెవి లేనివాని గతి యేమగునో ఈ నాలుగైదేండ్లలోనే లోకము చూచినది. 2008లో పుట్టి, దేశదేశముల ఉపాధ్యాయులు తమ తరగతులను నడపుకొనిన ఎడ్‌మోడో అను వేదిక 2022 సెప్టెంబరులో మూతపడెను. గూగుల్ సంస్థవారు నల్లబల్లకు బదులుగా బడులకందించిన జామ్‌బోర్డు 2024 డిసెంబరు 31తో ముగిసెను. వానిని మూసినవారు చట్టవిరుద్ధమైన పని యేమియు చేయలేదు. తమ వస్తువును తాము మూసికొనిరి. తప్పు మనది, పరులవాకిట మన పందిరి వేసికొంటిమి.

దూరపు మాట లెందుకు? 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు టాబ్లెట్లను పంచి, వానిలో నొక ప్రసిద్ధ వ్యాపారసంస్థ పాఠములను నింపి యిచ్చినది. పేదబిడ్డ చేతికి ధనికుని బిడ్డ చేతిలోని వస్తువే రావలెనను ఉద్దేశమును మేము నిందింపము. కాని 2024 జూలైలో ఆ సంస్థపై దివాలా విచారణ మొదలయ్యెను. టాబ్లెట్టులోని పాఠము అందే యుండవచ్చును. అందు తప్పు దొరలినచో దిద్దువా రెవరు? పాఠ్యక్రమము మారినచో మార్చువా రెవరు? దిద్దగల ఉపాధ్యాయుడు ప్రతి బడిలోను ఉన్నాడు. దిద్దు హక్కు ఆయనకు లేదు.

పిల్లల సమాచారము మాట మరింత గంభీరమైనది. 2020 మార్చిలో బడులు మూతపడినపుడు ప్రభుత్వములన్నియు తొందరపడి దొరికిన సాధనమునెల్ల పిల్లల కప్పగించినవి. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థవారు 49 దేశముల ప్రభుత్వములు ఆమోదించిన సాధనములను పరీక్షించి, నూటికి 89 సాధనములు పిల్లల హక్కులకు భంగకరమైన రీతిలో సమాచారమును వ్యవహరించుచున్నట్లు 2022లో ప్రకటించిరి. మైనరు చేసిన ఒడంబడిక చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది. మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి సమాచారమునకు తల్లిదండ్రుల యనుమతి కావలెనని విధించినది. అయినను తరగతిలో జరుగుచున్న దేమి? “అంగీకరించుచున్నాను” అను గడిని పండ్రెండేండ్ల బాలుడు చదువకయే నొక్కుచున్నాడు. పది రూపాయల ప్రోనోటు పైనైనను చదువక సంతకము పెట్టని తండ్రి, తన బిడ్డ ఏ పత్రముపై ఒప్పుకోలు తెలిపెనో యెరుగడు.

“పుణ్యమునకు పుట్టెడు పెట్టిన పిచ్చకుంచమని పోట్లాడినట్లున్నది మీ వాదము. డబ్బు లేని బడికి దొరికినదే మహాప్రసాదము గదా!” యని కొందరు మిత్రులు మమ్ము ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపణలో నిజము లేకపోలేదు. కేంద్రప్రభుత్వమువారి 2024–25 లెక్కల ప్రకారము దేశమునందలి బడులలో నూటికి 64.7 వంతులకు కంప్యూటరును, 63.5 వంతులకు ఇంటర్నెట్టును కలవు. మూడవవంతు బడులకు నేటికిని ఇవి లేవు. అట్టి బడులకు నీతులు చెప్పుట సులభము. కాని మేము పుట్టెడు వద్దనుట లేదు. పిల్లలు తినునది గనుక గింజలను చెరిగి చూడుడని మాత్రమే అనుచున్నాము. పేదబడికే ఈ జాగ్రత్త ఎక్కువ కావలెను. ధనికుల బడి ఒక సాధనము పోయిన మరియొకటి కొనుక్కొనును. పేదబడికి పోయినది పోయినట్లే.

చెరిగి చూచుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. సాధనము బడి గడప దాటకముందు ఉపాధ్యాయుడు నాలుగు ప్రశ్నలు వేయవలెను. నెట్ లేనినాడును ఇది నడచునా? నేను కూర్చిన పాఠమును నాయొద్ద నిలుపుకొని, మార్చుకొని, పొరుగుబడికి ఇయ్యవచ్చునా? తెలుగులో నున్నదా, లేకున్న తెలుగు చేసికొను వీలైన నున్నదా? నా విద్యార్థి పేరడుగకయే పని చేయునా? నాలుగింటికిని అవునని జవాబు వచ్చిన సాధనమును ఆనందముతో ఆహ్వానింపవలెను. నాలుగింటికిని కాదని వచ్చిన దానిని, అది ఎంత మెరయుచున్నను, వాకిటనే నిలుపవలెను. నడుమ నున్నవానిని అవసరమైనంతవరకే వాడి, మన పాఠముల ప్రతిని మన యింట నుంచుకొనవలెను.

ఇది జరుగని పని యనువారు కేరళమును చూడవలెను. అచటి ప్రభుత్వము 2001లో ఐటీ ఎట్ స్కూల్ అను ఉద్యమమును ప్రారంభించి, స్వేచ్ఛగా వాడి మార్చుకొన వీలైన లినక్స్ పై తమ బడుల కంప్యూటర్లను నడపుకొనుచున్నది. ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చి, 2018 నుండి విద్యార్థులచేతనే లిటిల్ కైట్స్ అను సంఘములను నడిపించుచున్నది. మనకును సామగ్రి లేకపోలేదు. 2017లో వెలసిన దీక్షా వేదికకు దారిచూపు క్యూఆర్ గుర్తులు రెండు తెలుగు రాష్ట్రముల పాఠ్యపుస్తకములలోను అచ్చుపడుచున్నవి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా జీతములేని సేవకుల చేతులమీదుగా పెరిగినది. కివిక్స్ అను సాధనముతో ఆ విజ్ఞానసర్వస్వమునంతయు నొక పెన్‌డ్రైవులో నింపి, నెట్ లేని పల్లెలో చదువవచ్చును. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతయు వెదకుట మన కలవాటైనది.

ఇట్టి పని తెలుగువారికి క్రొత్తయు కాదు. శాస్త్రము తెలుగున చెప్పరాదను కాలమున, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి ప్రకృతిశాస్త్రములను తెలుగున అచ్చు వేయించిరి. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైరి. కృష్ణా డెల్టా కాలువలపై 1935లో పడవలో గ్రంథాలయము నడచినది. పుస్తకము కొనలేనివాని యొద్దకు పుస్తకమే పోవలెనని వారెంచిరి. ఎవరో తెచ్చి యిత్తురని కూర్చుండలేదు.

కడపట నొక్క మాట. సాధనము చేతికి వచ్చినంతనే చదువు రాదు. పల్లెలలోని పదునాలుగు మొదలు పదునారేండ్లవరకు గల పిల్లలలో నూటికి 82 మంది స్మార్ట్‌ఫోను వాడనేర్చినట్లు 2024 నాటి అసర్ నివేదిక తెలిపినది. వారిలో అంతకుముందు వారమున దానిని చదువుకై వాడినవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమములకై వాడినవారు 76 మంది. ఈ రెండంకెల నడుమ నున్న యగాధమును యంత్రము పూడ్చదు. “మోటారు వేసిన దీపమేల మందగించును?” అని అడుగు బిడ్డయు, ఆ ప్రశ్నను పట్టుకొని తెరవైపు త్రిప్పు గురువును కలిసిననే అది పూడును. ఉపాధ్యాయుల ఖాళీలను నింపక, ఉచితసాధనము లున్నవి గదా యని ప్రభుత్వము చేతులు దులుపుకొనినచో అది విద్యాద్రోహమే యగును.

కావున చదువరులకు మా విన్నపము. మనము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్నాము. మన శాఖా గ్రంథాలయమున నొక కంప్యూటరుంచి, తెలుగు వికీపీడియాను, ఫెట్ ప్రయోగములను దింపి, అడిగిన ఉపాధ్యాయునికి ప్రతి తీసి యిమ్మని కోరుదము. ఆంగ్లము తెలిసిన విశ్రాంత ఉపాధ్యాయులు వారమున కొక్క పాఠమైన తెలుగు చేయవచ్చును. మావంటి న్యాయవాదులు బడికి పోయి, ఆ “అంగీకరించుచున్నాను” అను గడి వెనుకనున్న షరతులను తల్లిదండ్రులకు తెలుగున విప్పి చెప్పవచ్చును. ఈ పనికి ఫీజు పుచ్చుకొనకుండుటకు మేము సిద్ధముగా నున్నాము. ఊరక వచ్చినది ఉచితము. మనము పూనుకొని తగినట్లు దిద్దుకొనిననాడు అది నిజముగా నుచిత మగును.