సగం ప్లేటు లెక్క

ఉస్మానియా యూనివర్సిటీ హాస్టళ్లలో నాన్ బోర్డర్ అనే మనిషి ఉంటాడు. ఏ రిజిస్టరులోనూ అతని పేరు కనబడదు. గది ఇంకొకరిది, మంచం ఇంకొకరిది, మెస్ కార్డు ఇంకొకరిది. పీజీ అయిపోయినా ఇంటికి పోలేనివాడు కావచ్చు. సీటొచ్చి హాస్టల్ దొరకనివాడు కావచ్చు. నల్గొండ నుంచో ఆదిలాబాద్ నుంచో గ్రూప్స్ పరీక్షల కోసం వచ్చి ఊరివాడి గదిలో దిగినవాడు కావచ్చు. ఇద్దరుండాల్సిన గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. రాత్రి కింద చాపలు పరిచాక తలుపు పూర్తిగా తెరుచుకోదు. తనిఖీ ఉందని తెలిస్తే బ్యాగులు పక్క గదుల్లోకి పోతాయి, మనుషులు లైబ్రరీకి పోతారు.

కష్టకాలంలో సామాన్యుల మంచితనం గురించి మాట్లాడాలంటే మనం వరదలనో కరోనానో తలుచుకుంటాం. అవి వస్తాయి, పోతాయి. విద్యానగర్ నుంచి తార్నాక దాకా ఈ రెండు మూడు కిలోమీటర్లలో ఏళ్ల తరబడి పోకుండా నడుస్తున్న కష్టకాలం ఒకటుంది. దాని పేరు నిరుద్యోగం. అందులో మనిషిని మనిషి ఎట్లా నిలబెడుతున్నాడో చూడాలంటే మెస్‌లో ఒక ప్లేటు దగ్గర నిలబడాలి.

"తిన్నవా అన్నా?" అని అడుగుతాడు గదివాడు. "తిన్న" అంటాడు తినని అతను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. గదివాడు వాదించడు. కిందికి పోయి అన్నం కాస్త ఎక్కువ పెట్టించుకుని, పైన ఇంకో ప్లేటు బోర్లించి గదికి తెస్తాడు. వడ్డించే ఆమెకూ విషయం తెలుసు. చుట్టుపక్కల బస్తీల నుంచి పొద్దున్నే వచ్చి రోజంతా మెస్‌లో నిలబడి పనిచేసే మనిషి ఆమె. ఇంకో గంటె పప్పు వేస్తుంది, ఏమీ అడగదు. లెక్క తేలకపోతే మాట పడేది ఆమే. ఆమె చేసిన ఈ సాయం ఏ పత్రికలోనూ రాలేదు, ఏ సభలోనూ శాలువా కప్పించుకోలేదు.

అమ్మాయిల హాస్టళ్లలో ఇదే పరిస్థితి ఇంకా బిగువుగా ఉంటుంది. అబ్బాయి ఏ స్నేహితుడి రూములోనో, ఏ మేడ మీదనో రాత్రి వెళ్లదీస్తాడు. అమ్మాయికి ఆ వీలు లేదు. హాస్టల్ గడువు అయిపోయిందంటే ఇంటికి పోవాలి. ఇంటికి పోతే పెళ్లి మాట. కాబట్టి స్నేహితురాలు తన మంచంలో సగం ఇవ్వడమంటే ఆ అమ్మాయికి ఇంకో ఏడాది చదువు ఇవ్వడమే. ఈ మాట నేను పెంచి చెప్పడం లేదు. అట్లా దొరికిన ఏడాదిలో ఉద్యోగం తెచ్చుకుని ఇవాళ బడిలో పాఠాలు చెబుతున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు.

గదిలో ఒకరికి జేఆర్‌ఎఫ్ వస్తే అతను ఆ గదికి పెద్దకొడుకైపోతాడు. 2023 జనవరి నుంచి ఆ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. అదీ ప్రతి నెలా వేళకు పడదు. పడ్డ నాడు ఒకరి పరీక్ష ఫీజు, ఒకరి మెస్ బాకీ, ఇంకొకరి అమ్మ మందులు అందులోంచే పోతాయి. చేబదులు అంటారు, తిరిగి అడగరు.

ఇది ఎంతకాలమో కూడా చెప్పాలి. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది, 503 పోస్టులకు. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. ఒకే పరీక్ష తొలి మెట్టు ఎక్కడానికి మూడుసార్లు, దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఆ పిల్లలకు అన్నం ఎవరు పెట్టారు? ఊళ్లో కౌలు చేసుకునే తండ్రి కొంత పెట్టాడు. మిగిలింది ఆ సగం ప్లేటు పెట్టింది.

సగం ప్లేటు ఇచ్చేవాడికీ ఆకలి ఉంటుంది. ఈ స్నేహాల్లో అలకలున్నాయి, తెగతెంపులున్నాయి. ఏళ్ల తరబడి పంచుకున్నాక ఇక నా వల్ల కాదన్నవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి మనకు నోరెక్కడిది?

2020 మార్చి చివరి వారం గుర్తుందా? లాక్‌డౌన్ మొదలవగానే నగరంలో ఎన్నో ప్రైవేటు హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరి పాసులు తీసుకుని బయల్దేరారు. ఆంధ్ర సరిహద్దులో గరికపాడు దగ్గర ఆపేస్తే రోడ్డు మీదే గంటల తరబడి పడిగాపులు కాశారు. తర్వాత ప్రభుత్వం కల్పించుకుని హాస్టళ్లు మూయొద్దని చెప్పాల్సి వచ్చింది. డబ్బు కట్టి ఉన్నవాడికి బయటి దారి చూపించిన రోజులవి. ఎన్నో ఇరుకు గదులేమో డబ్బు కట్టని స్నేహితుడికి అప్పటిదాకా చోటిస్తూనే ఉన్నాయి.

ఆ వేసవిలోనే వలస కూలీలు జాతీయ రహదారి వెంట నడిచారు. మేడ్చల్ వైపు రోడ్డు పొడవునా నీళ్లు, పులిహోర, చెప్పులు పట్టుకుని నిలబడ్డవాళ్లూ సామాన్యులే. ప్రభుత్వం మనిషికి పన్నెండు కిలోల బియ్యం, ఐదు వందల రూపాయలు ప్రకటించింది. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక రైలు కదిలింది, దాదాపు పన్నెండు వందల మందితో. అప్పటికే ఎంతమంది కాలినడకన వెళ్లిపోయారో! వాళ్ల ధైర్యం గురించి చాలా రాశారు. బిడ్డను భుజాన వేసుకుని నడిచిన ఆ తండ్రి ధైర్యం చూపించడానికి నడవలేదు. రైలు లేక నడిచాడు.

ఓర్పును పొగిడేటప్పుడు జరిగే పొరపాటు ఇక్కడే ఉంది: గత్యంతరం లేక తట్టుకున్నదాన్ని బాగుండటం అనుకుంటాం. ఈ మాట నాకంటే బాగా చెప్పిన శాస్త్రవేత్త తార్నాకలోనే పనిచేశారు. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు ఒకే గదిలో మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. అక్కడ డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు జొన్నన్నమే ఆధారంగా బతికే దక్కన్ పేదలకు పెల్లగ్రా ఎందుకొస్తుందో వెతికారు. అది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బని లోకం నమ్ముతున్న రోజులవి. ఆకలితో ఉన్న పిల్లల శరీరం ఎదుగుదలను తగ్గించుకుని ప్రాణం కాపాడుకోవడానికి ఎట్లా సర్దుకుంటుందో కూడా ఆయన దగ్గర నుంచి చూశారు. 1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త, పేద దేశాల్లో పొట్టిగా, సన్నగా పెరిగినవాళ్లలో చాలామంది ఆరోగ్యంగానే ఉన్నారని, తక్కువ తిండికి వాళ్ల శరీరాలు అలవాటుపడ్డాయని వాదించాడు. గోపాలన్ ఊరుకోలేదు. ఆ చిన్న శరీరం పేదలకే ఎందుకు మంచిదైంది, ఉన్నవాళ్ల పిల్లలకు ఆ కొలత ఎందుకు పెట్టరని 1983లో నిలదీశారు. శరీరం తట్టుకుందంటే బాగుందని కాదన్నది ఆయన వాదన. అది సన్నబడ్డ పిల్లలకే కాదు, సగం ప్లేటుతో పరీక్ష రాసేవాడికీ వర్తిస్తుందని నేనంటాను.

అట్లాగని దయ చిన్నదని కాదు. దాన్ని ఒంటరిగా వదిలేయకూడదు. విద్యానగర్‌కు ఈ పాఠం చెప్పడానికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉన్నారు. ఆంధ్ర మహిళా సభ ఆస్పత్రి మీద ఆమె పేరే, పక్కన డీడీ కాలనీకీ ఆమె పేరే. ఎనిమిదేళ్లకు పెళ్లి చేస్తే, పెద్దయ్యాక ఆ పెళ్లిలోంచి బయటికొచ్చిన మనిషి ఆమె. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయి, అక్కడ చదువు రాని తోటి ఆడవాళ్ల బాధలు చూశారు. తర్వాత తాను ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ చదివి, మద్రాసులో ఇతర ఆడపిల్లలనూ చదివించారు. అట్లా 1937లో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ బోర్డు సంక్షిప్త కోర్సుల పథకం తెచ్చింది. భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, బడి మధ్యలో మానేసినవాళ్లు రెండేళ్లలో మెట్రిక్ దాకా చదివి నర్సులు, టీచర్లు, గ్రామసేవికలు అయ్యే దారి అది. తోటి ఆడపిల్లలను చదివించిన ఒక మనిషి మంచితనం దేశం బడ్జెట్లో పద్దు అయింది.

ఐదు రూపాయల భోజనం కూడా అట్లాంటిదే. 2014లో నగరపాలక సంస్థ మొదలుపెట్టింది. మిగతా ఖర్చు అదే భరిస్తుంది. అక్కడ లైన్లో ఆటో డ్రైవరు, గ్రూప్స్ అభ్యర్థి, జ్వరం వచ్చిన పిల్లను నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో చేర్చిన తల్లి ఒకరి వెనక ఒకరు నిలబడతారు. ఎవరూ ఎవరికీ కృతజ్ఞత చెప్పుకోనక్కర్లేదు. లాక్‌డౌన్‌లో ఆ ఐదు రూపాయలూ తీసుకోలేదు.

కాబట్టి యూనివర్సిటీని, ప్రభుత్వాన్ని నేను అడిగేది తనిఖీలు ఆపమని మాత్రమే కాదు. నాన్ బోర్డర్లను లెక్కపెట్టండి, శిక్షించడానికి కాకుండా వడ్డించడానికి. మెస్‌లో అసలు ఖర్చుకే కూపన్ ఇవ్వండి. అప్పుడు ఆ వడ్డించే ఆమె భయపడుతూ గంటె వేయక్కర్లేదు. 2025 ఆగస్టులో క్యాంపస్‌లో రెండు కొత్త హాస్టళ్లు తెరిచారు, సంతోషం. తర్వాతి భవనం కట్టేటప్పుడు సీట్ల సంఖ్యను రిజిస్టరు చూసి కాకుండా రాత్రి పదింటికి గదుల్లో ఉన్న తలలు చూసి నిర్ణయించండి. అమ్మాయిల హాస్టళ్లతో మొదలుపెట్టండి. రీడింగ్ రూములు తెల్లవార్లూ తెరవండి. పరీక్ష తేదీ ప్రకటిస్తే ఆ రోజే జరిపించండి. కూపన్ ఇస్తే ఇంకా ఎక్కువమంది వస్తారని ఒక అభ్యంతరం ఉంటుంది. వాళ్లు ఎప్పుడో వచ్చారు. ఇన్నాళ్లూ వాళ్ల తిండి ఖర్చు యూనివర్సిటీలో అందరికంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు భరిస్తున్నారు. ఆ ఖర్చులో ఒక భాగం వచ్చే బడ్జెట్లో ప్రభుత్వం తన పద్దులో రాసుకోవాలి.