బాబాయి ఇంట్లో రెండు రాత్రులు

న్యూజెర్సీలో ఎమ్మెస్ అయింది. ఉద్యోగమేమో కాలిఫోర్నియాలో. సామాను కార్లో వేసుకుని, ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకుని బయల్దేరే తెలుగు కుర్రాళ్లకు ఐ-80 రాజమార్గం. టీనెక్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా దాదాపు 4,660 కిలోమీటర్లు. రోజుకు పదిగంటలు నడిపినా అయిదు రోజులు.

దారి పక్కనే షికాగో. అక్కడో బాబాయి. ‘ఇంతదూరం వచ్చి ఇంటికి రాకుండా పోతార్రా?’ అంటూ ఫోను. వెళ్తే స్నేహితులూ చుట్టాలైపోతారు. పిన్ని గుత్తొంకాయ కూర కొసరి కొసరి వడ్డిస్తుంది. ఊళ్లోవాళ్ల కబుర్లన్నీ అయ్యేసరికి రాత్రి ఒంటిగంట!

చిక్కంతా ఇక్కడే. తెల్లారగానే మళ్లీ స్టీరింగు పట్టాలి. నెబ్రాస్కాలో రోడ్డు గీత గీసినట్టుంటుంది. కునుకు పట్టడానికి అంతకన్నా ఏం కావాలి? ఆపైన వ్యోమింగ్‌లో లారమీ దగ్గర 8,640 అడుగుల ఎత్తెక్కాలి. చలికాలమైతే మంచుగాలికి అక్కడ ఒక్కోసారి దారే మూసేస్తారు.

అందుకే బాబాయి ఇంటికి పూట భోజనానికి కాదు, రెండు రాత్రులకు వెళ్లాలి. మొదటిది కబుర్లకు, రెండోది నిద్రకు. కారు నడిపేవాణ్ని పదింటికల్లా పడుకోబెట్టే పని పిన్నికి అప్పగిస్తే సరి. ఆవిడ మాట కాదనే ధైర్యం బాబాయికి ఉండదు. పొద్దున్నే ఆవిడ కట్టిచ్చే పులిహోర నెబ్రాస్కా దాకా వస్తుంది. పెరుగన్నం మాత్రం మధ్యాహ్నంలోపే తినేయాలి.