సర్వీసింగ్ అయింది, వేడినీళ్లే రాలేదు!

మొన్న గీజర్ సర్వీసింగ్ చేయించాను. మావి బోరు నీళ్లు, కాయిల్‌కి సున్నంలా తెల్లగా పొర కట్టేస్తుంది. ఆ అబ్బాయి ట్యాంకు ఖాళీ చేసి, పొర గీకి, మెగ్నీషియం రాడ్ మార్చి, స్విచ్ వేసి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున అత్తయ్యగారి స్నానానికి చూస్తే చన్నీళ్లే!

ఫోన్ చేస్తే, "కాయిల్ పోయిందమ్మా, కొత్తది వేయాలి" అన్నాడు, చూడకుండానే. మావారేమో "ఇంట్లోనే ఉన్నావుగా, దగ్గరుండి చూసుకోవద్దూ?" అన్నారు. చూడాలంటే ఏం చూడాలో తెలియాలి కదండీ!

గట్టిగా అడిగితే వచ్చాడు. తేలిందేమిటంటే, ట్యాంకు నిండకముందే స్విచ్ వేశాడు. నీళ్లు లేక అతిగా వేడెక్కి, లోపలి కటౌట్ పడిపోయింది. బటన్ నొక్కాడు, అంతే! అదృష్టం, కాయిల్ కాలిపోలేదు.

నన్నడిగితే, విప్పినవి బిగించేస్తే పని అయిపోయినట్టు కాదు. వేడినీళ్ల కుళాయి తిప్పి, గాలి బుస కొట్టకుండా ధార నిలకడగా వచ్చాకే స్విచ్ వేయించండి. నీళ్లు కాగాకే డబ్బులివ్వండి. మూత విప్పే పని మాత్రం మనం పెట్టుకోవద్దు, కరెంటుతో వ్యవహారం. చేయడం అతని పని, అడగడం మన పని.