పైన పటారం, వీపున లొటారం

పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. మైదా, పామాయిలు, చక్కెర... లోపల వేసినవన్నీ వరసగా అచ్చేసి ఉంటాయి. ఇప్పుడు నాలుగు వేలు పోసి కొన్న ల్యాప్‌టాప్ బ్యాగుకు వేలాడే అట్టముక్క చదవండి. ధర ఉంటుంది, తయారైన నెల ఉంటుంది, కస్టమర్ కేర్ నంబరు ఉంటుంది. ఏ గుడ్డతో కుట్టారు, దాని పోగు మందమెంత, జిప్పు ఎవరు చేశారు, పట్టీ ఊడితే ఎవరు కుడతారు అన్నది మాత్రం చాలా బ్యాగుల మీద భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. అడిగేవాడు లేడని బ్యాగు కంపెనీల ధీమా. అసలు సంగతి అడగకుండా మన దృష్టి మళ్లించడానికి వాళ్లు పడే పాట్లు చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇది షోకుకు కొనుక్కునే వస్తువు కాదు. వారంలో సగం రాత్రులు లాడ్జీల్లో గడిపే మెడికల్ రిప్రజెంటేటివ్, బ్రాంచి బ్రాంచికీ తిరిగే ఆడిట్ కుర్రాడు, ఆస్పత్రిలో స్కానింగ్ మెషీన్ ఆగిపోతే అర్ధరాత్రి బస్సెక్కే సర్వీస్ ఇంజినీరు, క్లయింట్ ఊళ్లో వారాల తరబడి మకాం వేసే సాఫ్ట్‌వేర్ అమ్మాయి. వీళ్లకు ఆ బ్యాగే సగం ఆఫీసు, సగం బీరువా. ల్యాప్‌టాప్, దాని ఛార్జరు, విమానంలో చేతి సామానులోనే ఉంచుకోవాల్సిన పవర్ బ్యాంకు, రెండు జతల బట్టలు, నీళ్ల సీసా, ఇంట్లో కట్టిచ్చిన కందిపొడి. అన్నీ కలిపితే ఏడెనిమిది కిలోలు దాటుతుంది. ఆ బరువంతా ఆగేది భుజం పట్టీ బ్యాగును కలిసేచోట ఉన్న రెండంగుళాల కుట్టు మీద. ఆ కుట్టు గురించి ఏ ప్రకటనలోనైనా ఒక్క మాట విన్నారా?

వినరు. వాళ్లు చెప్పేది యూఎస్‌బీ పోర్టు గురించి. అదేమిటయ్యా అంటే బ్యాగు పక్కన ఒక రబ్బరు మూత, దాని వెనక మూరెడు వైరు. కరెంటు మన పవర్ బ్యాంకు నుంచే రావాలి. మన వైరుకు ఇంకో వైరు తగిలించి దాన్ని ‘స్మార్ట్ బ్యాగు’ అని అమ్ముతున్నారు. తర్వాత ‘వాటర్ రెసిస్టెంట్’. గుడ్డ లోపలి వైపు పాలీయురెథేన్ పూత పూస్తారు, నీటిని ఆపేది ఆ పొరే. సూది దిగిన ప్రతిచోటా ఆ పొరకు చిల్లు పడుతుంది. కుట్ల మీద లోపల నుంచి టేపు అతికిస్తేనే గట్టి వాన ఆగుతుంది, ఆ పని చేసేవాళ్లు తక్కువ. పైగా ఆ పూతకు తేమ పడదు. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్ల ఉక్కకు కొన్నేళ్లలో అది జిగటగా మారి, పొలుసులై రాలి, లోపలి కాగితాలకూ చొక్కాలకూ అంటుకుంటుంది. ప్రకటనలో ఈ సంగతి ఉండదు. పదహారు అరలున్నాయని మాత్రం ఉంటుంది. అర పెరిగిన కొద్దీ ఒక జిప్పు, నాలుగు కుట్లు పెరుగుతాయి. అంటే చెడిపోయే చోట్లు పెరుగుతాయి.

మన్నిక ఎక్కడుందో చెబుతాను, రహస్యమేమీ కాదు. మొదటిది గుడ్డ. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 600 డెనియర్ అంటే అంత పొడవు పోగు 600 గ్రాములు తూగుతుందని లెక్క. చవక బ్యాగుల్లో ఎక్కువగా కనిపించేది 600 డెనియర్ పాలియెస్టర్. రాపిడికి నైలాన్ దానికంటే బాగా ఓరుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల రక్షణ కవచాల కోసం పుట్టిన బాలిస్టిక్ నైలాన్ నేత ఇవాళ ఖరీదైన బ్యాగుల్లో 1680 డెనియర్‌గా వస్తోంది. ఇక్కడా మాయ ఉంది. పాలియెస్టర్‌నే 1680 డెనియర్ మందాన నేసి, ‘బాలిస్టిక్’ అన్న మాట తగిలించి అమ్మేవాళ్లున్నారు. అంకె చెప్పి పోగు పేరు మింగేస్తే అది సగం అబద్ధమే.

రెండోది జిప్పు. రన్నర్‌ను తిప్పి వెనక చూడండి. మంచి జిప్పుల మీద తయారీదారు పేరూ, 5, 8, 10 లాంటి అంకే ఉంటాయి. ఆ అంకె దాదాపుగా పళ్ల వరస వెడల్పు మిల్లీమీటర్లలో. బరువు మోసే పెద్ద అరకు 8 గానీ 10 గానీ ఉండాలి. చిన్న అరకు వేయాల్సిన 5వ నంబరు జిప్పును పెద్ద అరకు బిగించి, కిక్కిరిసిన బ్యాగును దాంతో మూయమంటే అది ఎన్నాళ్లు ఓరుస్తుంది? జిప్పు వేసినా వెనకే విచ్చుకుంటోందంటే చాలాసార్లు అరిగేది పళ్లు కాదు, రన్నర్. వీధి చివర చెప్పులు కుట్టే ఆయన పట్టకారుతో నొక్కో, కొత్త రన్నర్ వేసో టీ ఖర్చుతో నిలబెడతాడు. అంత చిన్న రోగానికి బ్యాగు మొత్తం పారేయించేదాన్ని వ్యాపారం అంటున్నాం.

మూడోది కుట్టు. బ్యాగును లోపలి నుంచి బయటికి తిరగేయండి. గుడ్డ అంచులకు పట్టీ చుట్టి కుట్టారా, లేక పోగులు గడ్డంలా వేలాడుతున్నాయా? భుజం పట్టీ మొదట్లో దారం ముందుకూ వెనక్కూ దట్టంగా పోయిందా, ఒక్క వరసతో సరిపెట్టారా? ల్యాప్‌టాప్ అరలో చెయ్యి పెట్టి అడుగు తడమండి. మీ వేళ్లు బ్యాగు అట్టడుగుకు తగిలాయంటే, రైలు బెర్తు కింద బ్యాగును ధబీమని పెట్టిన రోజున నేల దెబ్బ తినేది మీ ల్యాప్‌టాప్ మూలే. అర అంగుళమైనా పైన ఆగాలి. ఈ పరీక్షలన్నిటికీ కొట్లో రెండు నిమిషాలు చాలు. లైనింగ్ చాటున కుట్లన్నీ దాచేసి, తిరగేయనివ్వని బ్యాగును నమ్మకండి.

ఇక వారంటీ. ‘తయారీ లోపాలకు మాత్రమే’ అని ఒక వాక్యం, ‘వాడకం వల్ల వచ్చే అరుగుదలకు వర్తించదు’ అని ఇంకో వాక్యం. పట్టీ ఊడిందని తీసుకెళితే వాడారు కాబట్టి ఊడిందంటారు. వాడక ఏం చేయాలి, గోడకు తగిలించి హారతివ్వాలా? కంపెనీ పేరు మార్చి చూద్దామన్నా ఫలితం తక్కువ. స్కైబ్యాగ్స్, అరిస్టోక్రాట్, కార్ల్‌టన్ మూడూ వీఐపీ ఇండస్ట్రీస్‌వే. అమెరికన్ టూరిస్టర్ 1993 నుంచీ, టూమీ 2016 నుంచీ శాంసొనైట్ గూటివే. కొట్టు అరమీద కనిపించే పోటీలో సగం ఒకే ఇంటి అన్నదమ్ముల ఆట. జీవితకాల హామీలనూ గుడ్డిగా నమ్మలేం. ఎప్పుడు తెచ్చినా వాపసు తీసుకుంటామన్న అమెరికా కంపెనీ ఎల్.ఎల్.బీన్ 2018లో దాన్ని ఏడాదికి కుదించింది.

చట్టం ఏం చేస్తోంది? 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకోవడం మన హక్కని చెప్పింది. ప్యాకెట్ సరుకుల మీద ఏమేం అచ్చేయాలో చెప్పే 2011 నిబంధనల జాబితాలో మాత్రం గుడ్డ డెనియర్ లేదు. 2022లో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ అంటూ కమిటీ వేసి పట్టిక తయారుచేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు. బ్యాగు అందులో లేదు. రన్నరూ బకిలూ విడిగా అమ్మమని తయారీదారును అడిగే నాథుడే లేడు.

అందరికంటే ఎక్కువ కోపం మన యజమానుల మీద. ఎనభై వేల ల్యాప్‌టాప్‌కు స్టిక్కరు వేసి, రిజిస్టరులో రాసి, పోతే జీతంలో కోస్తామని సంతకం పెట్టించుకుంటారు. అది పెట్టుకునే బ్యాగు మాత్రం తక్కువ కొటేషన్ ఇచ్చినవాడి దగ్గర గంపగుత్తగా కొంటారు. లోగో మాత్రం దిట్టంగా కుట్టిస్తారు. అదీ కొనివ్వని చోట, బస్సు టికెట్‌కు టీఏ, తిండికి డీఏ ఇచ్చే సంస్థ, ఆ ప్రయాణానికి అసలు పనిముట్టయిన బ్యాగును ఉద్యోగి జేబుకే వదిలేస్తుంది. రెండు వేల బ్యాగులు ఒక్కసారి కొనేవాడు గుడ్డ, జిప్పు, కుట్టు వివరాలు ఆర్డరులో రాసిస్తే కిమ్మనకుండా కుట్టి ఇచ్చేవాళ్లు ముంబై ధారావిలోనే బోలెడుమంది. అంత బలం చేతిలో పెట్టుకుని లోగో రంగు గురించి మాత్రమే బేరమాడటం చేతకానితనం కాదు, ఉద్యోగి వీపంటే లెక్కలేనితనం.

ఎనిమిది వందల బ్యాగు కొని ఏటా మార్చుకుంటే పోలేదా అంటారు. బ్యాగు ఇంట్లో గోడకున్నప్పుడు తెగదు. తెల్లవారుజామున వానలో, ఆటో కోసం పరుగెత్తుతున్నప్పుడు తెగుతుంది. అప్పుడు నేలకు తగిలేది ఎనిమిది వందల సరుకు కాదు, మీ ఉద్యోగం. అలాగని పది వేలు పోస్తే మన్నిక వచ్చిపడుతుందని కూడా అనుకోకండి. కొట్లో ధర చూపించేది షోరూం అద్దె, సినిమా హీరో పారితోషికం. కుట్టు బలాన్ని చూపించేది మీ వేళ్లే.

కాబట్టి కొట్లోకి వెళ్లి నాలుగు ప్రశ్నలు వేయండి. గుడ్డ ఏమిటి, ఎన్ని డెనియర్లు? జిప్పు ఎవరిది, ఎంత నంబరు? పట్టీ కుట్టు చూపించగలరా? ఊడితే ఇదే ఊళ్లో ఎవరు బాగుచేస్తారు? జవాబు బిల్లు వెనక రాయించుకోండి. రాయనంటే డబ్బు జేబులోనే ఉంచుకుని పక్క కొట్టుకు నడవండి. వంద మంది అలా నడిస్తే ఆ అట్టముక్క మీద రాయాల్సిన నాలుగు వరసలూ వాళ్లే రాసుకొస్తారు.