ఒకే ఒరలో రెండు కత్తులు

పుణె శివార్లలోని చకన్‌లో బజాజ్ ఆటో కర్మాగారాలున్నాయి. 2023లో రెండు నెలల తేడాతో అక్కడి నుంచి రెండు మోటార్ సైకిళ్లు మార్కెట్లోకి వచ్చాయి. జూలైలో ట్రయంఫ్ స్పీడ్ 400, సెప్టెంబర్లో కొత్త తరం కేటీఎం 390 డ్యూక్. మొదటిది బ్రిటిష్ పేరు, రెండోది ఆస్ట్రియా పేరు. లోపల మాత్రం పోలికలు చాలానే ఉన్నాయి. రెండింటిదీ ఒకే సిలిండర్ ఉన్న 398 సీసీ ఇంజన్. రెండింటికీ రేడియేటర్, ఆరు గేర్లు. విడుదలనాటి ఎక్స్‌షోరూం ధరల్లోనే అసలు తేడా: స్పీడ్ 2.33 లక్షలు, డ్యూక్ 3.11 లక్షలు. అంటే 78 వేలు. ఆ ఏడాది ఒక మామూలు 100 సీసీ బండి ఖరీదు దాదాపు అంతే.

ఆ 78 వేలు దేనికి? కొనేవాళ్లు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇది. వేగానికేనని కుర్రకారు చెప్పే జవాబు సగమే నిజం.

చదువు ముగించి మొదటి ఉద్యోగంలో చేరిన కొడుకు ఈ రెండింటిలో ఏదో ఒకటి కావాలని పట్టుబడితే, తండ్రి కళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండూ ఖరీదైనవి, రెండూ ప్రమాదకరమైనవి. ఆయన భయం ఉత్తిది కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారే. కాబట్టి ఏ బండి ఎంత వేగంగా పోతుందన్నది ఈ పోలికలో ఆఖరి ప్రశ్న కావాలి. ఏది ఎవరి చేతిలో అదుపులో ఉంటుందన్నది మొదటి ప్రశ్న.

ఈ తరహా బళ్లను నేకెడ్ బైకులంటారు. ఇంజన్‌నూ చట్రాన్నీ ప్లాస్టిక్ తొడుగులతో కప్పకుండా వదిలేస్తారు. హ్యాండిల్ వెడల్పుగా ఉంటుంది, కూర్చునే తీరు దాదాపు నిటారుగా ఉంటుంది, ట్రాఫిక్‌లో తిప్పుకోవడం తేలిక. గాలికి అడ్డం లేకపోవడం ఒక్కటే లోటు. గంటకు వంద కిలోమీటర్లు దాటితే గాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెడుతున్నట్టే ఉంటుంది.

మన దేశంలో పెద్ద ఇంజన్ల మోజు కొత్తదేం కాదు. 1983లో ఎస్కార్ట్స్ సంస్థ యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ పేరుతో తెచ్చింది. దాని ధరకూ, అది తాగే పెట్రోలుకూ భయపడి జనం దూరం పెట్టారు. తయారీ ఆగిపోయాక అదే బండిని నెత్తిన పెట్టుకున్నారు. 2007లో కేటీఎంలో వాటా కొన్న బజాజ్, 2013లో తొలి 390 డ్యూక్‌ను 1.80 లక్షలకు విడుదల చేసింది. వేగమైన బండి మధ్యతరగతి జీతగాడికి వాయిదాల మీద అందేంత దూరానికి వచ్చింది అప్పుడే. ట్రయంఫ్‌తో బజాజ్ పొత్తు 2017లో ప్రకటించినది. దాని తొలి ఫలమే స్పీడ్ 400.

ఇక ఇంజన్ల సంగతి. స్పీడ్ గరిష్ఠంగా 40 పీఎస్ శక్తినిస్తుంది, డ్యూక్ 46 పీఎస్. చక్రాన్ని తిప్పే బలం, అదే టార్క్, స్పీడ్‌కు 37.5 న్యూటన్ మీటర్లు, డ్యూక్‌కు 39. కాగితం మీద ఇది పెద్ద తేడాగా కనిపించదు. బరువు కూడా కలిపి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. విడుదలనాటి లెక్కల్లో స్పీడ్ 176 కిలోలు, డ్యూక్ 168 కిలోలు. టన్ను బరువుకు ఎంత శక్తి అని లెక్కేస్తే స్పీడ్‌కు 227 పీఎస్, డ్యూక్‌కు 273 పీఎస్ వస్తాయి. అంటే అయిదో వంతు ఎక్కువ.

ఆ శక్తి ఎప్పుడు వస్తుందన్నది అంతకంటే ముఖ్యం. స్పీడ్ ఇంజన్ కింది వేగాల్లోనే బలంగా లాగుతుంది. మూడో గేరులో నెమ్మదిగా పోతూ, ఆటోను దాటడానికి ఎక్సిలరేటర్ కాస్త తిప్పితే చాలు, గునియకుండా అందుకుంటుంది. పై వేగాల్లో మాత్రం ఫుట్‌రెస్ట్‌లలోనూ హ్యాండిల్‌లోనూ అదురు మొదలవుతుంది. డ్యూక్ స్వభావం దీనికి ఎదురు. ఇంజన్ పరుగెత్తే కొద్దీ ఉత్సాహం పెరుగుతుంది. నిదానంగా నడిపితే తరచు గేరు తగ్గించమని అడుగుతుంది. ఖాళీ ఘాట్ రోడ్డు మీద ఇది సుగుణం. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట కూడలిలో ఇదే విసుగు.

సీటు ఎత్తు కూడా చూసుకోవాలి. 2023 స్పీడ్ సీటు నేలకు 790 మిల్లీమీటర్ల ఎత్తున ఉండేది, డ్యూక్‌ది 820. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి ఈ ముప్పై మిల్లీమీటర్లు చిన్న విషయం కాదు. సిగ్నల్ దగ్గర రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనడానికీ, మునివేళ్ల మీద నిలబడడానికీ ఉన్న తేడా అది. 2024లో స్పీడ్‌కు సీటు మందం పెంచి, టైర్లు కాస్త ఎత్తయినవి వేశారు. సౌకర్యం పెరిగింది, ఎత్తు కూడా కొంచెం పెరిగింది. పెట్రోలు ట్యాంకు విషయంలో డ్యూక్‌ది పైచెయ్యి. స్పీడ్‌లో 13 లీటర్లు పడితే డ్యూక్‌లో 15 పడతాయి. లీటరుకు 25 కిలోమీటర్ల లెక్కన చూసుకున్నా యాభై కిలోమీటర్లు అదనం.

ఇప్పుడు 78 వేల ప్రశ్నకు వద్దాం. ఆ డబ్బులో పెద్ద భాగం కంటికి కనిపించని చోట ఉంది. రెండు బళ్లకూ ఏబీఎస్ ఉంది. చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును వదిలి పడుతుండే ఈ ఏర్పాటు 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి బండికీ తప్పనిసరి. కానీ మామూలు ఏబీఎస్ బాగా పనిచేసేది బండి నిటారుగా ఉన్నప్పుడే. మలుపులో ఒరిగి ఉన్నప్పుడు ఎదురుగా గేదె కనిపించి గట్టిగా బ్రేకు వేస్తే టైరు పట్టు తప్పవచ్చు, బండి నిటారుగా లేచి మలుపు దాటి బయటికి పోవచ్చు. డ్యూక్‌లో బండి ఎంత ఒరిగిందో కొలిచే సెన్సర్ ఉంది. దాన్నిబట్టి బ్రేకు ఒత్తిడినీ, వెనక చక్రానికి అందే శక్తినీ సర్దుతుంది. స్పీడ్‌లో వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఉంది కానీ, ఒరుగును కొలిచే సెన్సర్ లేదు.

డ్యూక్‌లో ఇంకా ముందు డిస్కు 320 మిల్లీమీటర్లు (స్పీడ్‌కు 300), నడిపేవారి ఇష్టాన్నిబట్టి బిగించుకోదగిన సస్పెన్షన్, క్లచ్ పట్టకుండా గేరు మార్చే క్విక్ షిఫ్టర్, వాన కోసం వేరే మోడ్, అయిదంగుళాల రంగుల తెర ఉన్నాయి. వీటిలో కొన్ని సరదాలు, కొన్ని ప్రాణాలు కాపాడేవి. వెనక చక్రానికి ఏబీఎస్ ఆపేసే సూపర్‌మోటో మోడ్ కూడా ఇచ్చారు. మామూలు రోడ్డు మీద దాని జోలికి పోకపోవడమే మంచిది.

అంటే డ్యూకే సురక్షితమా? అంత సులువుగా తేల్చలేం. ఎలక్ట్రానిక్స్ పొరపాటును దిద్దుతాయి, తొందరపాటును దిద్దవు. స్పీడ్‌లో రక్షణ పరికరాలు తక్కువ, కానీ మనిషిని ఉసిగొల్పడమూ తక్కువే. డ్యూక్‌లో వల పెద్దది, దూకాలన్న కోరికా పెద్దదే.

ఇక్కడే ప్రభుత్వం పాత్ర గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకూ ఉన్న మోటార్ సైకిళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ గీత దాటిన వాటి మీద సెస్సుతో కలిపి 31 శాతంగా ఉన్నది 40 శాతానికి పెరిగింది. ఈ రెండు 398 సీసీ బళ్లూ గీతకు అవతలే పడ్డాయి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ బీమా రేట్లలోనూ ఇదే గీత. అయిదేళ్లకు ఒకేసారి కట్టే ప్రీమియం 350 సీసీ వరకు 7,365 రూపాయలు, ఆపైన 15,117. అంటే 48 సీసీల తేడాకు బీమా రెట్టింపు పైమాట. కొత్త బండి కొన్నవారికి ఈ అయిదేళ్ల బీమా తప్పదు. దీనిమీద రాష్ట్రం వసూలు చేసే జీవితకాల పన్ను అదనం. అందుకే ఎక్స్‌షోరూం ధర చూసి వాయిదాల లెక్క వేసుకోకూడదు, రోడ్డెక్కే ధరను కాగితం మీద రాయించుకోవాలి.

పన్ను వేసేటప్పుడు ఇంత కచ్చితంగా గీత గీసిన ప్రభుత్వానికి లైసెన్సు ఇచ్చేటప్పుడు మాత్రం అది గుర్తుకు రాదు. మన దగ్గర గేరున్న బండికి లైసెన్సు ఒకటే. వంద సీసీ బండి మీద ఎనిమిది అంకె వేసి పాసయిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు మర్నాడే 46 పీఎస్ డ్యూక్ ఎక్కవచ్చు. యూరప్‌లో అలా కుదరదు. అక్కడ పద్దెనిమిదేళ్లవారికి ఇచ్చే ఏ2 లైసెన్సుతో 35 కిలోవాట్లకు, అంటే సుమారు 47 పీఎస్‌కు మించిన బండి నడపకూడదు. మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కాలి. డ్యూక్ ఆ హద్దుకు కాస్త లోపలే ఉంటుంది. అక్కడ నేర్చుకునే దశలో అనుమతించే ఆఖరి మెట్టు మన దగ్గర ఎవరైనా ఎక్కగల మొదటి మెట్టు. చట్టం గీయని ఆ గీతను కొనేవాళ్లే గీసుకోవాలి.

కంపెనీ భవిష్యత్తు గురించి ఒక సందేహం ఉండవచ్చు. 2024 నవంబర్లో ఆస్ట్రియాలో కేటీఎం దివాలా ప్రక్రియలోకి వెళ్లిన వార్త చాలామందిని కంగారు పెట్టింది. 2025లో బజాజ్ డబ్బు పెట్టి ఆ సంస్థను తన అధీనంలోకి తెచ్చుకుంది. ఇక్కడి 390 తయారయ్యేది చకన్‌లోనే కాబట్టి విడిభాగాల విషయంలో ఆ వార్తను చూసి వెనకాడనక్కర్లేదు. స్పీడ్‌కు 16 వేల కిలోమీటర్లకు ఒకసారి సర్వీసు చాలని కంపెనీ చెబుతుంది. అంత తిరగకపోయినా ఏడాదికోసారి చూపించడం తప్పదు.

ధరల దూరం తర్వాత కొంత తగ్గింది. 2024 స్పీడ్ 2.40 లక్షలు కాగా, 2025 ఆరంభంలో డ్యూక్‌ను 2.95 లక్షలకు దించారు. ఆ తర్వాతే కొత్త పన్ను వచ్చింది. గీతకు ఇవతల ఉండేలా ఇంజన్ తగ్గించడం ఏ కంపెనీకైనా లాభమే కాబట్టి షోరూంలో మొదట సీసీ ఎంతో అడగండి. 350 లోపు బండి చూపిస్తే దాని ధర, శక్తి, బరువు వేరు. ఈ పోలిక దానికి వర్తించదు.

మరి ఏది కొనాలి? ఇప్పటిదాకా 100, 150 సీసీ బళ్లు నడిపి తొలిసారి పై మెట్టు ఎక్కేవారికి, రోజూ ఆఫీసుకు వెళ్లేవారికి, పొట్టివారికి స్పీడ్ 400 సరైనది. దాని కింది వేగాల బలం మన ఊళ్ల ట్రాఫిక్‌కు నప్పుతుంది. అయిదారేళ్లు 200 సీసీ బళ్లు నడిపి, మలుపులో బండి ఏం చేస్తుందో తెలిసినవారికి, సెలవు దొరికితే శ్రీశైలం ఘాట్‌కో అరకుకో బయల్దేరేవారికి 390 డ్యూక్ ఇచ్చిన డబ్బుకు న్యాయం చేస్తుంది. వేగం కోసమే డ్యూక్ కావాలనుకునేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికీ, ముంబై-పుణె ఎక్స్‌ప్రెస్ వే మీదికీ ద్విచక్ర వాహనాలను రానివ్వరు. మిగిలేది గేదెలూ, ఎదురొచ్చే ట్రాక్టర్లూ ఉన్న రోడ్డే.

కొనేముందు టెస్ట్ రైడ్‌ను ఖాళీ రోడ్డు మీద చేయకండి. ట్రాఫిక్ వేళ ఇరవై నిమిషాలు నడపండి. యూటర్న్ తిప్పి చూడండి, స్పీడ్ బ్రేకర్ ఎక్కించండి, ఇంట్లో రోజూ వెనక కూర్చునేవారిని కూర్చోబెట్టుకుని వారి మాట వినండి. స్పీడ్ తీసుకుంటే మిగిలే డబ్బును షోరూంలో అంటగట్టే అలంకారాలకు తగలేయకుండా ఐఎస్ఐ ముద్ర ఉన్న మంచి హెల్మెట్, జాకెట్, చేతొడుగులు, చీలమండ దాటే బూట్లు కొనండి. డ్యూక్ తీసుకునేవారు ఇవన్నీ కొన్నాకే వాయిదా లెక్క వేసుకోండి. వాటికి డబ్బు సరిపోకపోతే ఇంకా డ్యూక్ కొనే రోజు రాలేదని అర్థం.