ఒక్క ఆట తక్కువ

మా సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళని బేస్‌బాల్ గురించి కదిపితే ముందు నవ్వుతారు. గూటీబిళ్ళలో బిళ్ళ తీసేసి తోలు బంతి పెట్టారంటారు. మూడు గంటలు కూర్చున్నా ఏమీ జరగదంటారు. వీటితో నాకు పేచీ లేదు, ఎవరి నిద్ర వాళ్ళిష్టం. కానీ ఆ తరవాత కాస్త జాలిగా మొహం పెట్టి, "అయినా మన జట్టు ఎప్పుడూ గెలవదు కదండీ, దాని వెనక పడటం దండగ" అంటారు చూశారూ, నా తగువల్లా ఆ మాటతోనే. ఆ మాటలో బేస్‌బాల్ పాలు తక్కువ, మన పెంపకం పాలు ఎక్కువ.

దేశంలో కూర్చుని ఇది చదువుతున్నవాళ్ళ కోసం కాస్త ముందుకథ చెప్పాలి. మేజర్ లీగుల్లో మొత్తం ముప్ఫై జట్లు. ఒకటి కెనడాది, మిగతావి అమెరికావి. ఒక్కో జట్టు మార్చి చివర్లో మొదలెట్టి సెప్టెంబరు ఆఖరు దాకా 162 ఆటలు ఆడుతుంది. ఐపీఎల్లో జట్టుకి పధ్నాలుగు లీగ్ మ్యాచిలు. ఇక్కడ పధ్నాలుగు ఆటలు రెండు వారాల్లో అయిపోతాయి. అలా ఆర్నెల్లు నలిగాక మిగిలిన జట్లు అక్టోబరులో పోస్ట్‌సీజన్‌కి వెళ్తాయి. 2022 నించీ ఆ భాగ్యం పన్నెండు జట్లకి.

మా జట్టు పేరు సియాటిల్ మారినర్స్. 1977లో పుట్టింది. 2025 సీజను ముగిసేనాటికి ఆ ముప్ఫైలో వరల్డ్ సిరీస్ మొహం చూడని జట్టు ఇదొక్కటే. 2001లో 116 ఆటలు గెలిచి, 1906 నాటి షికాగో కబ్స్ రికార్డుని సమం చేసింది. ఆ అక్టోబరులోనే యాంకీల చేతిలో ఓడి ఇంటికొచ్చింది. ఆపైన ఇరవై సీజన్లు పోస్ట్‌సీజన్ గడప తొక్కలేదు. నేను ఎమ్మెస్ ముగించుకుని ఇక్కడ ఉద్యోగంలో చేరింది 2003లో. అంటే నా హెచ్-వన్, పెళ్ళి, గ్రీన్‌కార్డు, పిల్లలు, ఇల్లు, ఇంటి మీద అప్పు అన్నీ ఆ కరువు కాలంలోవే.

సెప్టెంబరులో ఈ ఆట చూడటం ఎలా వుంటుందో చూడనివాళ్ళకి చెప్పటం కష్టం. ఒక కన్ను మన ఆట మీద, రెండో కన్ను హ్యూస్టన్‌లోనో టెక్సస్‌లోనో జరుగుతున్న ఆట మీద. మాజిక్ నంబరని ఒకటుంది. 163లోంచి ముందున్న జట్టు గెలుపుల్నీ, దాని వెనకున్న జట్టు ఓటముల్నీ తీసేస్తే మిగిలేది. అది సున్నాకి దిగితే ముందున్నవాడు గట్టెక్కినట్టే. మన గెలుపు ఎంత విలువో పక్కవాడి ఓటమీ అంతే విలువ. పొద్దున్న ఆఫీసుకి బయల్దేరే ముందు నేను చేసే మొదటి పని ఆ తీసివేత. దానికో స్ప్రెడ్‌షీటు కూడా వుంది. ఆ సంగతి మా ఆవిడకి తెలుసు, క్లయింటుకి తెలీదు.

2021లో సీజను చివరి రోజు దాకా ఆశ వుంది. రెండాటల తేడాలో పోయింది. 2022 సెప్టెంబరు 30 రాత్రి ఓక్లండ్ మీద స్కోరు 1-1, తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం, ఇద్దరు ఔటు, మూడు బాల్సు రెండు స్ట్రైకులు. ఇంకొకరి బదులు బ్యాటు పట్టుకుని వచ్చిన కాల్ రాలీ బంతిని కుడివైపు స్టాండ్సులోకి కొట్టాడు. అంతే, కరువు తీరింది. నా పక్క సీటులో వున్న డెబ్భయ్యేళ్ళాయన ఎవరో నాకు తెలీదు, నేనెవరో ఆయనకి తెలీదు, ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. ఆ అక్టోబరులో ఇరవై ఒక్కేళ్ళ తరవాత సొంతవూళ్ళో మొదటి పోస్ట్‌సీజన్ ఆట ఆడితే, అది పద్ధెనిమిది ఇన్నింగ్సులు, ఆరు గంటల పైన సాగి, 1-0తో పోయింది. 2023లో ఒక్క ఆట తక్కువై పోస్ట్‌సీజన్ తప్పింది. 2024లో మళ్ళీ ఒక్క ఆట తక్కువ. జూన్‌లో పది ఆటల ఆధిక్యం వున్న జట్టు అది!

"చూశారా, మేం చెప్పలే?" అంటారు మా మిత్రులు.

మీరేం చెప్పారండీ? ఒక్క ఆట తక్కువైతే ఆ మిగతా 161 ఆటలూ లెక్కలోకి రావని చెప్పారు. ఈ లెక్క మీకు ఎవరు నేర్పారో నాకు తెలుసు, ఎందుకంటే నాకూ వాళ్ళే నేర్పబోయారు. ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు మొదటి పేజీ నిండా తపాలాబిళ్ళ సైజు ఫొటోలు, వాటి కింద అంకెలు. టీవీలో ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు అరిచే ప్రకటనలు. పదో ర్యాంకు దాకా మనుషులు, ఆ కింద అంతా జనాభా లెక్క. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతడకగా బయటికొచ్చాక ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పేపర్లు దిద్దటంలో, మార్కులెక్కించటంలో తప్పుల గురించి అందరం మాట్లాడుకున్నాం. ఒక్క మార్కు తక్కువైతే ఇంట్లో మొహం చూపించలేమని ఆ పిల్లలకి ఎవరు చెప్పారన్నది మాత్రం మనలో మనం అడుక్కోలేదు. ఆ మనుషులమే విమానమెక్కి ఇక్కడ దిగాం. సూట్‌కేసులో ఆవకాయతో పాటు ఆ లెక్క కూడా తెచ్చుకున్నాం. ఆవకాయని కస్టమ్సువాడు ఒక్కోసారి ఆపుతాడు.

ఈ ఆటకి ఆ లెక్క పనికిరాదు. 116 ఆటలు గెలిచిన జట్టు కూడా 46 ఓడింది. ఇచిరో సుజుకి మేజర్ లీగుల్లో కెరీర్ సగటు .311. అంటే పదిసార్లలో దాదాపు ఏడుసార్లు విఫలమైన మనిషి. 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి 394 ఓట్లలో 393 ఆయనకే పడ్డాయి. మా వాళ్ళు కొందరు ఆ పడని ఒక్క ఓటు గురించే మాట్లాడారు, అది వేరే సంగతి.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. ఫెలిక్స్ హెర్నాండెజ్, వెనిజులా వాడు. 2005 నించి 2019 దాకా పదిహేను సీజన్లు మారినర్స్ తరఫున బంతి విసిరాడు. ఆ కాలంలో తన తరం మేటి పిచర్లలో ఒకడు. వేరే వూరు పోయి హాయిగా అక్టోబరులో ఆడుకోవచ్చు, ఎగరేసుకుపోవటానికి పెద్ద జట్లకి డబ్బుకి కొదవలేదు. అతను రెండుసార్లు ఇక్కడే వుంటానని పొడిగింపు మీద సంతకం పెట్టాడు. ఒక్క పోస్ట్‌సీజన్ ఆట ఆడకుండానే వెళ్ళిపోయాడు.

2010లో మా నాన్న ఇక్కడికి వచ్చారు. (మనవాళ్ళ అమ్మానాన్నల రాకపోకలు బేస్‌బాల్ సీజనుకి అచ్చు సరిపోతాయని ఎవరైనా గమనించారా? ఏప్రిల్లో దిగుతారు, ఆర్నెల్ల స్టాంపు, అక్టోబరులో తిరుగు ప్రయాణం.) ఆయన రేపల్లెలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రోజూ సాయంత్రం ఆట పెడితే పక్కన కూర్చునేవారు. "రోజూ వుంటుంది కాబట్టి బావుందిరా, సీరియల్లాగా" అనేవారు. ఆ ఏడు జట్టు 101 ఆటలు ఓడింది. ఫెలిక్స్ లెక్క 13 గెలుపులు, 12 ఓటములు. నాన్న ఇంటికెళ్ళాక నవంబరులో ఫోను చేసి, లీగులో మేటి పిచరుకిచ్చే సై యంగ్ అవార్డు ఫెలిక్స్‌కి వచ్చిందని చెప్పాను. "దాదాపు సగానికి సగం ఓడినవాడికి మొదటి బహుమతా?" అన్నారు. చెప్పాను: ఫీల్డర్ల తప్పులు పోను తొమ్మిది ఇన్నింగ్సులకి సగటున అతను ఇచ్చిన పరుగులు రెండుంబావు, మనవాళ్ళు బ్యాటు పట్టుకుని కొట్టినవే మరీ తక్కువ. కాసేపు మాట్లాడలేదాయన. తరవాత "అయితే వీళ్ళకి పేపరు దిద్దటం తెలుసన్నమాట" అన్నారు. నలభయ్యేళ్ళు పేపర్లు దిద్దిన మనిషి నోట ఆ మాట.

అమెరికన్లంతా ఇలాంటి పుణ్యాత్ములని నేననటం లేదు. గెలిచే జట్టు టోపీ కొనుక్కునేవాళ్ళు వాళ్ళలోనూ కోకొల్లలు. కాకపోతే వాళ్ళలో ఇంకో రకం కూడా వుంది. తాత ఈ జట్టు, తండ్రి ఈ జట్టు, కాబట్టి నేనూ ఈ జట్టు అనే రకం. మనకి తాత లేడు కదా అనకండి. మొదలుపెడితే మనమే తాతలం.

"అసలు ఇది మన జట్టెలా అవుతుంది?" అని ఇంకో ప్రశ్న. సియాటిల్లో పుట్టినవాళ్ళు ఈ జట్టులో ఎందరు? ఇచిరో జపాన్, ఫెలిక్స్ వెనిజులా, హూలియో రోడ్రిగెజ్ డొమినికన్ రిపబ్లిక్. 1992లో ఈ జట్టు వూరు దాటిపోకుండా కొన్నది జపాన్ వాళ్ళ నింటెండో పెద్దాయన హిరోషి యమవుచి. వీసా మీద వచ్చి, పని చేసి, ఈ వూరివాళ్ళు అనిపించుకున్న మనుషులు. మన కథకి ఇంతకన్నా దగ్గర కథ ఈ వూళ్ళో ఇంకెక్కడ దొరుకుతుంది? పాతికేళ్ళు ఒక వూళ్ళో వుండి, వూరంతా ఏ రాత్రి మేలుకుందో తెలీనివాణ్ణి ఏమనాలి? హోటల్లో దిగినవాడనాలి.

దండగ అనేవాళ్ళకి 1995 కూడా చెప్పాలి. అప్పటికి నేనిక్కడ లేను, విన్నదీ చదివిందీ చెప్తున్నాను. ఆగస్టు మొదట్లో మారినర్స్ కాలిఫోర్నియా ఏంజెల్స్ కంటే 13 ఆటలు వెనక. స్టేడియం కోసం అమ్మకపు పన్ను పెంచుదామా అని సెప్టెంబరులో కింగ్ కౌంటీలో ఓటు పెడితే కొద్ది తేడాతో వీగిపోయింది. జట్టు వూరు వదిలి పోయేలా వుంది. ఈలోగా జట్టు గెలుస్తూ పోయింది, ఏంజెల్స్ కూలిపోయారు, సీజను సమానంగా ముగిసింది. అక్టోబరు 2న అదనపు ఆటలో రాండీ జాన్సన్ విసిరితే 9-1. యాంకీల మీద మొదటి రెండాటలూ ఓడి, తరవాత మూడూ గెలిచారు. అయిదో ఆట పదకొండో ఇన్నింగ్స్‌లో ఎడ్గార్ మార్టినెజ్ కొట్టిన దెబ్బకి కెన్ గ్రిఫీ జూనియర్ మొదటి బేసు నించి ఇంటిదాకా పరిగెత్తాడు. ఆ నెల్లోనే రాష్ట్ర శాసనసభ స్టేడియానికి డబ్బు మంజూరు చేసింది. ఆ ఏడూ వరల్డ్ సిరీస్ రాలేదు, క్లీవ్‌లాండ్ మీద ఓడారు. మనవాళ్ళ లెక్కలో అదీ ఫెయిలే. ఆ ఫెయిలయిన ఏడాదే ఈ వూరికి జట్టు మిగిలింది.

ఇహ 2025. సెప్టెంబరు 6 నించి 25 దాకా 18 ఆటల్లో 17 గెలిచారు. హ్యూస్టన్‌తో సమానంగా వుండి, హ్యూస్టన్ వెళ్ళి మూడుకి మూడూ పట్టుకొచ్చారు. 24న డివిజన్ గెలిచారు, 2001 తరవాత మొదటిసారి. ఆ రాత్రే రాలీ అరవయ్యో హోమ్‌రన్ కొట్టాడు. అక్టోబరు 20న టొరాంటోలో ఏడో ఆట. ఏడో ఇన్నింగ్స్‌లో 3-1 మనది, వరల్డ్ సిరీస్‌కి ఇంకా ఎనిమిది ఔట్లు కావాలి. జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు. 4-3.

ఆ రాత్రి సమామిష్‌లో ఒక మిత్రుడింట్లో పదిమందిమి చూస్తున్నాం. వాళ్ళబ్బాయి, పదకొండేళ్ళవాడు, సోఫా వెనక్కి వెళ్ళి ఏడుస్తున్నాడు. మిత్రుడు ప్రేమగానే, "ఏడవకురా నాన్నా, వచ్చే ఏడు డాడ్జర్స్‌ని పట్టుకో, వాళ్ళే గెలుస్తారు" అన్నాడు. నిజమే, 2024, 2025 రెండేళ్ళూ వాళ్ళే గెలిచారు. కానీ ఆ పిల్లాడికి మనం అందించిన మాట ఏమిటి? ఓడినవాళ్ళని వదిలెయ్యమని. రేపు వాడికి కావలసిన కాలేజీలో సీటు రాకపోతే ఈ మాట వాడికి గుర్తొస్తుంది, ఈసారి ఓడిన జట్టు వాడే అవుతాడు. ఇదే మాట ఆ మిత్రుడితో అంటే, "ఆటని ఆటగా చూడు" అన్నాడు. ఆటని ఆటగా చూస్తున్నది ఆ సోఫా వెనకున్నవాడొక్కడే.

ఒక అభ్యంతరం మాత్రం గట్టిది, దాటెయ్యకూడదు. మీ ఓపికే యజమానులకి అలుసు కదా, ఓడినా టిక్కెట్లు కొనేవాళ్ళుంటే వాళ్ళు డబ్బెందుకు ఖర్చు పెడతారు అంటారు. నిజం. 2023లో ఒక్క ఆట తక్కువై ఇంటికెళ్ళిన వారంలోనే జట్టు వ్యవహారాల పెద్ద జెర్రీ డిపోటో, పదేళ్ళపాటు సగటున 54 శాతం ఆటలు గెలుస్తూ పోతే వరల్డ్ సిరీస్ దానంతటదే వస్తుందన్న ధోరణిలో మాట్లాడాడు. ఆ ఏడు మారినర్స్ గెలిచింది 88 ఆటలు, అంటే 54.3 శాతం. టార్గెట్ కొట్టారన్నమాట! సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఇలాంటి పవర్‌పాయింట్ స్లైడు నేను చాలాసార్లు చూశాను. అంకెలన్నీ ఆకుపచ్చగా వుంటాయి, సిస్టమ్ మాత్రం పడుకుని వుంటుంది. వూరు వూరంతా మండిపడింది. ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు. ఆయన్ని నిలదీసింది మాత్రం ఓడిన ఏడు కూడా వర్షంలో ఏప్రిల్ ఆటలకి వెళ్ళినవాళ్ళు. ఆ అక్టోబరులో మా మిత్రులెవరికీ కోపం రాలేదు. వాళ్ళకి ఆ 54 శాతం సంగతే తెలీదు.