అభిరుచుల లోకం: చిన్న రేడియోకు ఇంటి కరెంటు

నోయిడాలో నివసిస్తున్న సహోద్యోగి ఒకరు మాకొక ప్రశ్న పంపారు. వారి కుమార్తె అమెచ్యూర్ రేడియో పరీక్షలో ఉత్తీర్ణురాలై లైసెన్సు పొందినది. ఐదు వాట్ల చిన్న సెట్టు కొన్నారు. దానిని ఇంటి కరెంటుతో నడపడానికి బజారులో కొద్ది వందల రూపాయలకు లభించే అడాప్టరు చాలదా అని వారి సందేహం.

ఈ సెట్లు కోరునది 13.8 వోల్టుల డి.సి. కారు నడుచుచుండగా దాని బ్యాటరీ వద్ద ఉండే వోల్టేజి ఇంచుమించు ఇదే. యేసు ఎఫ్.టి.817 వంటి సెట్టు వినునప్పుడు అర ఆంపియరు లోపు, మాట్లాడునప్పుడు 2 ఆంపియర్ల వరకు తీసుకొనును. కనుక 3 ఆంపియర్లు నిలకడగా ఇవ్వగల సప్లై సరిపోతుంది. నూరు వాట్ల పెద్ద సెట్టుకు 20 ఆంపియర్లకు పైగా కావాలి, దాని సంగతి వేరు. పెట్టెపై వ్రాసిన అంకె నిరంతరం ఇచ్చే కరెంటా, క్షణకాలం ఇచ్చేదా అని మాత్రం దుకాణదారుని తప్పక అడగాలి. ఎఫ్.ఎం.లో మాట్లాడునంతసేపూ పూర్తి కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది.

సప్లైలు రెండు విధాలు. బరువైన ట్రాన్స్‌ఫార్మరుతో కూడిన లీనియర్ సప్లై ఒకటి, అరచేతిలో ఇమిడే ఎస్.ఎం.పి.ఎస్. మరొకటి.

లీనియర్ కొనేవారు మన ప్రాంతపు కరెంటును దృష్టిలో ఉంచుకోవాలి. ఢిల్లీ విద్యుత్ బోర్డు 2002లో పంపిణీ సంస్థలుగా విడిపోవుటకు ముందు స్టెబిలైజరు లేని ఫ్రిజ్ ఉన్న ఇల్లు అరుదు. 230 వోల్టులు అన్న మాట నేటికీ అన్ని కాలనీలలోను, అన్ని వేళలా నిజం కాదు. మే మాసపు రాత్రి వీధిలోని కూలర్లు, ఏ.సి.లు అన్నీ తిరుగుచుండగా 180కి దిగినదనుకొందాం. 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు అప్పుడు 11.7 వోల్టులే ఇస్తుంది. రెక్టిఫయరు, కెపాసిటరు దాటిన తరువాత శిఖరం వద్ద 14.6 మిగులుతుంది. రెండు ఆంపియర్లు లాగినప్పుడు 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటరు మీద కూడా దాదాపు 2 వోల్టుల అలలు లేస్తాయి. అంటే మధ్యమధ్య 12.6కు పడిపోతున్నది. దాని నుండి 13.8 తీయుట ఏ రెగ్యులేటరుకూ సాధ్యం కాదు. ఫలితంగా అమ్మాయి గొంతుతో పాటు 100 హెర్ట్జ్ గుర్రుమనే ధ్వని కూడా ఆకాశంలోకి పోతుంది. అందువలన 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు కావాలి.

అయితే దీనికి మరొక వైపు కలదు. తెల్లవారుజామున వోల్టేజి 250కి పెరిగినచో అదే సప్లైలో రెగ్యులేటరుపై 12 వోల్టులు మిగిలి, 2 ఆంపియర్ల వద్ద 24 వాట్లు వేడిగా మారును. పెద్ద హీట్ సింక్ అందుకే. కెపాసిటరు కూడా 25 వోల్టులది పనికిరాదు. 50 వోల్టులది వేయించండి.

ఇంతకంటె ముఖ్యమైనది రక్షణ. లోపలి పాస్ ట్రాన్సిస్టరు షార్టయితే ఇరవైకి పైగా వోల్టులు నేరుగా సెట్టులోకి పోతాయి. ఆ సెట్టు సహించేది 16 వరకే. క్రోబార్ అనే ఏర్పాటు ఉంటే వోల్టేజి హద్దు మీరిన వెంటనే ఒక ఎస్.సి.ఆర్. సప్లైను షార్టు చేసి ఫ్యూజు కాల్చివేస్తుంది. పోయేది ఫ్యూజు మాత్రమే. నెలల పొదుపుతో కొన్న సెట్టు విషయంలో ఇది లేని సప్లై ఎంత చవకైనా వద్దనే మా అభిప్రాయం.

ఎస్.ఎం.పి.ఎస్.లకు వోల్టేజి హెచ్చుతగ్గుల బాధ లేదు. మంచివి 90 నుండి 264 వోల్టుల వరకు ఓర్చుకొంటాయి. వాటి దోషం రొద. ఎర్రకోట ఎదుటి లాజ్‌పత్ రాయ్ మార్కెట్టులో కెమెరాల కొరకు అమ్మే రేకుపెట్టె సప్లైలు చవకే గాని, కొన్నిటి రొదలో 7 మెగాహెర్ట్జ్‌పై దూరపు స్టేషను మునిగిపోతుంది. దుకాణానికి చిన్న మీడియం వేవ్ ట్రాన్సిస్టరు తీసుకొని వెళ్ళి, లోడు తగిలించిన సప్లై ప్రక్కన పెట్టి వినండి. బుసకొట్టినదా, తిరిగి ఇచ్చివేయండి. ఇంటి బల్లపై లీనియర్, ప్రయాణాలకు మంచి ఎస్.ఎం.పి.ఎస్. అన్నది మా సలహా.

సప్లైతో పాటు 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ బ్యాటరీ ఒకటి ఉంచుకోవడం మేలు. 13.8 వోల్టుల వద్ద అది నిండుగా నిలిచి ఉంటుంది. ఖాళీ బ్యాటరీ ఒక్కసారిగా అధిక కరెంటు లాగకుండా ఛార్జింగు దారిలో పరిమితి మాత్రం అవసరం. డిసెంబరు 2004లో ఢిల్లీకి చెందిన భారతీ ప్రసాద్ గారు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున బృందంతో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి, వి.యు.4 ఆర్.బి.ఐ. అనే పిలుపుతో ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడుచుండిరి. 26వ తేదీన భూకంపం, సునామీ వచ్చి మామూలు సంబంధాలు తెగిపోగా, ఆ వినోదపు స్టేషనే ఆప్తుల క్షేమ సమాచారాలు చేరవేసినది. అటువంటి దినాన గోడ సాకెట్టును నమ్ముకొన్నవారు ఏమి చేయగలరు? ఢిల్లీ కూడా భూమి కంపించే ప్రాంతమేనని పాఠకులకు తెలియనిది కాదు.

ఎరుపు తీగ ధనాగ్రం, నలుపు తీగ ఋణాగ్రం. రెండింటిలోను ఫ్యూజులుండాలి, పెట్టెకు మూడు పిన్నుల ప్లగ్గుతో ఎర్తు ఉండాలి. మొదటిసారి మల్టీమీటరుతో 13.8 చూచిన పిమ్మటనే సెట్టుకు తగిలించమని చిరంజీవికి చెప్పగలరు. ఏరియల్ సంగతి వచ్చే సంచికలో.